మనస్సు అదుపు తప్పిన రాత్రి ఎవరిని పిలువవలెను?

మన యూరిలో ఇల్లంటుకొన్నచో ఎవరిని పిలువవలెనో చిన్నపిల్లవాడు కూడ చెప్పగలడు. పాము కరచినచో ఎచ్చటికి పరుగెత్తవలెనో చెప్పగలడు. కాని నిన్నటివరకు నెమ్మదిగా నున్న మనుష్యుడు నేటి రాత్రి ఆకస్మికముగా కేకలు వేయుచు, తనను చంపుటకు ఎవరో వచ్చుచున్నారని తలుపులు బిగించుకొని కూర్చున్నప్పుడు ఏమి చేయవలెనో పెద్దలకు సైతము తెలియదు. వీధివారందరు గుమిగూడుదురు. ఒకరు భూతవైద్యుని పేరు చెప్పుదురు. మరియొకరు పోలీసులను పిలువుమందురు. ఇంకొకరు త్రాడు తెమ్మందురు. ఈ వ్యాసము వ్రాయుటకు కారణము ఆ త్రాడే.

అది జరిగి పదునైదేండ్లు దాటినది. మైలవరమునకు కొలది దూరములో నున్న మా గ్రామమున, మా వీధి చివరి ఇంటిలో ఇరువదేండ్ల యువకుడొకడుండెను. చిన్నతనమున నాకడ లెక్కలు నేర్చుకొన్నవాడు. అక్షరము ముత్యమువలె వ్రాయువాడు. ఆ వేసవిలో అతడు వారము దినములు నిద్రలేక తిరిగి, టెలివిజనులో వార్తలు చదువువారు తన పేరు చెప్పుచున్నారనియు, బావిలో ఎవరో విషము కలిపిరనియు అనుట మొదలిడెను. ఒకనాటి రాత్రి కొడవలి చేతబట్టుకొని గడ్డివామి నెక్కి దిగనని కూర్చుండెను. అతని తండ్రి వణకుచు మా ఇంటికి వచ్చి, “మాస్టారూ, మీ కొట్టంలో పలుపు ఉంటే ఇప్పించండి. వాణ్ణి కట్టకపోతే ఏం చేసుకుంటాడో” అనెను. నేను మారుమాట లేక కొట్టములోనికి పోయి పలుపు తెచ్చి యిచ్చితిని. నలుగురు పట్టి దింపి, వసారాలోని స్తంభమునకు అతనిని కట్టిరి. రెండు రాత్రులును ఒక పగలును అట్లే యుండెను. మూడవనాడు జీపులో విజయవాడకు తీసికొనిపోవునప్పటికి మణికట్టులు రెండును ఒరసి పుండ్లయినవి. 108 బండి అప్పటికే మన ప్రాంతమున తిరుగుచుండెను. కాని అది రోడ్డు ప్రమాదములకును, ప్రసవములకును మాత్రమేయని మా యందరి యభిప్రాయము. ఆ తండ్రికి కుమారునిపై ప్రేమ లేకపోలేదు. మాకు వేరొక త్రోవ తెలియలేదు, అంతే.

ఆ త్రోవ ఏదో ఇప్పుడు చెప్పెదను. అంతకు ముందు, ఇట్టి ఆపద యనగా నేమో కొంచెము తెలిసికొనవలెను. ఆలోచనగాని, ఆవేదనగాని, ప్రవర్తనగాని అదుపుతప్పి, ఆ మనుష్యుని క్షేమమో పరుల క్షేమమో రేపటివరకు ఆగలేని స్థితికి వచ్చుటయే మానసికమైన అత్యవసర పరిస్థితి. దీనినంతటిని మనము ‘పిచ్చి’ యను ఒక్క మాటలో కట్టివేయుచున్నాము. అది చాల పొరపాటు. లేని కంఠములు వినబడి భయపడువాడు వేరు. నిద్రాహారములు మాని పట్టరాని ఉత్సాహముతో ఉన్నదంతయు దానము చేయ బూనువాడు వేరు. మాటలాడుట మాని గోడవైపు తిరిగి పండుకొని, తాను బ్రతికి ప్రయోజనము లేదని తలపోయువాడు వేరు. ఈ మూడవవానిని వీధివారెవ్వరును ఆపదలో నున్నవానిగా లెక్కింపరు. అతడు అల్లరి చేయడు గదా!

మరి రెండు స్థితులను ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. ఏలయన ఇవి పల్లెలలో తరచుగా కానవచ్చియు తరచుగా పొరబడబడుచున్నవి. చిరకాలము మితిమీరి త్రాగినవాడు, జబ్బువలననో డబ్బు లేకనో హఠాత్తుగా మానివేసినచో, రెండు మూడు దినములకు చేతులు వణకుట, చెమటలు పట్టుట, గోడలపై పురుగులు ప్రాకుచున్నట్లు కనబడుట, తానెచ్చట నున్నదియు తెలియకపోవుట సంభవించును. అది దయ్యము గాదు, కేవల మానసిక వ్యాధియు గాదు, ప్రాణాపాయకరమైన దేహస్థితి. ఆలస్యమైనచో మూర్ఛలు వచ్చి మరణింపవచ్చును. రెండవది బాలెంతరాలి స్థితి. ప్రసవమైన కొలది దినములలో, లేక వారములలో, కొందరు తల్లులకు నిద్ర పూర్తిగా పోయి, విపరీతమైన అనుమానములు కలిగి, బిడ్డనుగూర్చి వింతమాటలు పలుకుట కలదు. అది బాలింత గాలియని సాంబ్రాణి పొగవేసి ఊరకుండరాదు. తల్లికిని బిడ్డకును ఇద్దరికిని అది అపాయము. చికిత్స చేసినచో బాగుగా నయమగునది. ఇవిగాక జ్వరము తలకెక్కినను, మధుమేహరోగికి చక్కెర పడిపోయినను, తలకు దెబ్బ తగిలినను మనుష్యుడు మతి తప్పినట్లు ప్రవర్తించును. కావుననే మొదట వైద్యుడు చూడవలెను గాని మంత్రగాడు గాదు, పోలీసు గాదు.

ఇట్టివి ఎచ్చటనో నూటికి కోటికి ఒకరికి వచ్చునని యెవరును తలపవలదు. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో మన దేశమున జరిపిన సర్వేలో, పెద్దవారిలో నూటికి 10.6 మంది ఏదో యొక మానసిక రుగ్మతతో నున్నట్లు తేలినది. వీరందరు ఆపదలో నున్నవారని కాదు. కాని ఏ వీధిలోనైనను అట్టి యిల్లు ఒకటి యుండును.

పూర్వపు చట్టములు ఈ రోగులను చూచిన విధము వేరు. 1858లో నొకటి, 1912లో మరియొకటి ఆంగ్ల ప్రభుత్వమువారు చేసిన చట్టములు వీరిని ఉన్మత్తులనియే వ్యవహరించినవి. వీధిలో తిరుగు ఉన్మత్తుని పోలీసు పట్టుకొనును. మేజిస్ట్రేటు ఎదుట నిలుపును. మేజిస్ట్రేటు ఉత్తరువుపై ఆశ్రమమునకు పంపును. ఆనాటి మద్రాసు రాజధానిలో మద్రాసు, వాల్తేరు, కాలికట్ అను మూడుచోట్ల అట్టి ఆశ్రమములుండెడివి. ఎవనికి మంచము దొరకదో వానికి చెరసాలయే గతి. ఇది స్వాతంత్ర్యము వచ్చిన తరువాతను చాలకాలము సాగినది. 1912 నాటి చట్టము 1993 వరకు అమలులో నుండెనన్నచో పిల్లలు నమ్మకపోవచ్చును. ఆ సంవత్సరముననే సర్వోన్నత న్యాయస్థానమువారు, నేరమేమియు చేయని మానసిక రోగులను జైళ్ళలో నుంచుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పిరి. అప్పుడు వచ్చిన 1987 నాటి చట్టములో మాటలు మృదువైనవి గాని త్రోవ మాత్రము మారలేదు. పోలీసు మొదట మేజిస్ట్రేటు కడకే తీసికొనిపోవలెను.

గొలుసుల విషయము చెప్పకుండ ముందునకు సాగరాదు. తమిళనాడులో రామనాథపురము జిల్లాయందలి ఏర్వాడి యను గ్రామమునకు, దర్గాలో స్వస్థత కలుగునను నమ్మకముతో దూరప్రాంతములనుండి రోగులను తెచ్చి, చుట్టునున్న ప్రైవేటు గృహములలో విడిచిపోయెడివారు. అచ్చట వారిని మంచములకును స్తంభములకును గొలుసులతో బంధించుచుండిరి. 2001 ఆగస్టు 6వ తేదీన అట్టి పాకయొకటి అంటుకొనెను. కట్టబడియున్నవారు లేచి పరుగెత్తలేకపోయిరి. 28 మంది మరణించిరి. ఆ వార్త చదివినప్పుడు నేను విచారించితినే గాని, దానికిని మా కొట్టములోని పలుపునకును సంబంధము కలదని తోచలేదు.

ఇప్పుడు అమలులో నున్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము. ఇది 2018 మే 29 నుండి అమలులోనికి వచ్చినది. దీని 100వ సెక్షను ప్రతి పోలీసు స్టేషను అధికారికి కొన్ని విధులను విధించినది. తన పరిధిలో మానసిక వ్యాధివలన తన్ను తాను కాపాడుకొనలేక తిరుగువాడుగాని, తనకో పరులకో అపాయము కలిగింప గలవాడుగాని కనబడినచో, అతనిని రక్షణలోనికి తీసికొనవలెను. అరెస్టు అను మాట చట్టములో లేదు. రక్షణ యనియే యున్నది. ఎందులకు తీసికొనిపోవుచున్నారో అతనికి చెప్పవలెను. అతడు గ్రహింపలేని స్థితిలో నున్నచో అతని తరఫు ప్రతినిధికి చెప్పవలెను. వీలైనంత త్వరగా, ఎట్లును 24 గంటలు మించకుండ, సమీపమున నున్న ప్రభుత్వ వైద్యశాలకు చేర్చవలెను. ఏ పరిస్థితిలోను అతనిని లాకప్పులోగాని జైలులోగాని ఉంచరాదు. వైద్యుడు పరీక్షించి, చేర్చుకొనవలసినంత వ్యాధి లేదని చెప్పినచో, పోలీసులే అతనిని ఇంటికి దిగబెట్టవలెను; ఇల్లు లేనివాడైనచో ప్రభుత్వ ఆశ్రయమునకు చేర్చవలెను. దిక్కులేక తిరుగువాని విషయమున, తప్పిపోయిన మనుష్యుని గూర్చినట్లు కేసు నమోదుచేసి బంధువులను వెదకు బాధ్యతయు ఆ స్టేషను అధికారిదే.

‘సమీపమున నున్న ప్రభుత్వ వైద్యశాల’ యను మాటను గమనింపుడు. అది మానసిక వైద్యశాలయే కానక్కరలేదు. మైలవరములో ఆపద కలిగినచో, అర్ధరాత్రివేళ ఇబ్రహీంపట్నము మీదుగా నలుబది కిలోమీటర్లకు అటునిటు గల విజయవాడకు పోవువరకు ఆగనక్కరలేదు. విశాఖపట్టణపు మాట అసలే అక్కరలేదు. మైలవరపు ప్రభుత్వ ఆసుపత్రిలోని వైద్యుడే మొదటి చికిత్స చేయవచ్చును. ఇదే చట్టపు 94వ సెక్షను, ప్రాణాపాయముగాని, తనకో పరులకో తీవ్రమైన హానిగాని తప్పించుటకు ఏ రిజిస్టరు వైద్యుడైనను, ఆసుపత్రిలోగాని రోగి యున్నచోటనేగాని, అత్యవసర చికిత్స చేయవచ్చునని చెప్పుచున్నది. రోగి ప్రతినిధి దగ్గర నున్నచో అతని సమ్మతి తీసికొనవలెను. ఈ అత్యవసర చికిత్స మన ప్రాంతములో 72 గంటలకు మించరాదు; ఆ లోపల మానసిక వైద్యశాలలో పరీక్ష జరుగవలెను. అచ్చటికి తీసికొనిపోవుట కూడ చికిత్సలో భాగమే. విజయవాడ ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగము కలదు. ఇక 95వ సెక్షను మానసిక రోగిని ఏ విధముగనైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

ఇప్పుడు టెలిఫోను సంఖ్యలు మూడింటిని చెప్పెదను. మొదటిది 108. ఈ సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ఆరంభమై, క్రమముగా రాష్ట్రమంతటను, పిదప దేశములోని అనేక రాష్ట్రములకును వ్యాపించినది. 2020 జూలై 1వ తేదీన విజయవాడ బెంజి సర్కిలువద్ద 108, 104 సేవలకు చెందిన 1,088 క్రొత్త వాహనములు ఒక్కసారి బయలుదేరుట చూచినవారు మీ తల్లిదండ్రులలో కొందరుందురు. బండిలో ఒక వైద్య సహాయకుడును, పైలట్ అని పిలువబడు వాహన చోదకుడును ఉందురు. మనస్సునకు సంబంధించిన ఆపదలకును ఈ బండి వచ్చును. పిలుచునప్పుడు మాత్రము “పిచ్చెక్కినది” యని చెప్పి ఊరకుండక, వయస్సెంత, ఎప్పటినుండి ఇట్లున్నాడు, జ్వరము, మధుమేహము, త్రాగుడు కలవా, చేతిలో ఆయుధమున్నదా, ఇదివరలో ఏ మందులు వాడెను అను సంగతులు చెప్పవలెను. రెండవది 112. అపాయము కన్నులయెదుట నున్నప్పుడు, ఆయుధము చేతనున్నప్పుడు, లేక రోగి యెచ్చటికో వెడలిపోయినప్పుడు పోలీసుల సహాయమునకు దీనిని వాడవలెను. మూడవది 14416. దీనికి టెలి మానస్ అని పేరు. 2022 అక్టోబరు 10వ తేదీన, అనగా ప్రపంచ మానసిక ఆరోగ్య దినమున, కేంద్ర ప్రభుత్వమువారు దీనిని ప్రారంభించిరి. పగలు రాత్రి యను భేదము లేదు, వెల లేదు, తెలుగులో మాటలాడవచ్చును. మొదట శిక్షణ పొందిన సలహాదారు మాటలాడును. అవసరమైనచో మానసిక వైద్యునికి కలుపును. దగ్గరి ఆసుపత్రి యేదో చెప్పును. రోగియే పిలువనక్కరలేదు. ఏమి చేయవలెనో తెలియని తల్లి పిలువవచ్చును, ప్రక్కింటివారు పిలువవచ్చును.

చట్టమును సంఖ్యలును ఇంత చక్కగా నున్నవి గాన అంతయు సవ్యముగా జరిగిపోవునని నేను చెప్పజాలను. బండి వచ్చినను రోగి ఎక్కనన్నచో వైద్య సహాయకుడు బలవంతముగా ఎక్కింపలేడు; పోలీసులు రావలెనని చెప్పును. పోలీసులను పిలిచినచో, ఇది వైద్యుల పని, మీ ఇంటి సంగతి యని తప్పుకొన జూచువారు లేకపోలేదు. ఇద్దరి నడుమ కుటుంబము నలిగిపోవును. చిన్న పట్టణములలో రాత్రివేళ మానసిక వైద్య నిపుణుడు దొరకుట అరుదు. ఇట్టి సందర్భమున 100వ సెక్షను పేరెత్తి, “అయ్యా, ఇది మీ విధియని చట్టములో నున్నది” అని మర్యాదగా చెప్పగలవాడు ఆ గుంపులో నొక్కడున్నచో పని సగము జరుగును. చదువుకొన్నవాడు వీధికి చేయదగిన ఉపకారము ఇంతకన్న వేరొకటి నాకు తోచదు.

ఈ సమయమున ఏ రీతిని తాకవలెనన్నది కూడ సామాన్య విషయము గాదు. 2020 మే 16వ తేదీన విశాఖపట్టణములో, నర్సీపట్నము ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడుగా పనిచేసి అంతకుముందే సస్పెండు చేయబడిన డాక్టరు సుధాకర్ గారిని, రోడ్డుపై అల్లరి చేయుచున్నారని పోలీసులు పట్టుకొనిరి. వారు ఆయన చేతులను వెనుకకు కట్టిన దృశ్యములు దేశమంతటను జనులు చూచిరి. ఆయనను మొదట కింగ్ జార్జి ఆసుపత్రికిని, పిమ్మట ప్రభుత్వ మానసిక వైద్యశాలకును చేర్చిరి. ఒక కానిస్టేబులు సస్పెండయ్యెను. ఆ నెల 22వ తేదీన హైకోర్టువారు సి.బి.ఐ. విచారణకు ఉత్తరువిచ్చిరి. ఆయన 2021 మే నెలలో మరణించిరి. ఆయనకు వ్యాధి యుండెనా లేదా, తప్పెవరిది యను వివాదములోనికి నేను పోను. వ్యాధి లేదన్నచో ఆ రీతిని కట్టుటకు కారణము లేదు. ఉన్నదన్నచో అసలే లేదు.

అమెరికాలోని మెంఫిస్ నగరమువారు ఈ పాఠమును ఒక ప్రాణము ఖర్చుచేసి నేర్చుకొనిరి. 1987లో, చేత కత్తియున్న మానసిక రోగియైన యువకునొకనిని అచ్చటి పోలీసులు కాల్చి చంపిరి. అతని తల్లియే సహాయమునకై పిలిచియుండెనట. పౌరులు ఆగ్రహింపగా, 1988లో పోలీసులు, వైద్యులు, రోగుల కుటుంబములవారు కలిసి యొక పద్ధతి నేర్పరచిరి. స్వయముగా ముందుకు వచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ నిత్తురు. దూరముగా నిలుచుట, గొంతు తగ్గించుట, తొందరపడకుండుట, రోగి మాట వినుట: ఇవియే అందులోని ముఖ్య విద్యలు. అదే దేశమున యూజీన్ అను పట్టణములో 1989లో, పోలీసులు లేకుండ ఒక వైద్య సహాయకుడును ఒక సలహాదారుడును పోవు బండిని నడిపిరి; అది 2025లో ఆ పట్టణమున నిలిచిపోయినది. మంచి యేర్పాటు సైతము నిధులు లేక కొనసాగదు గదా. అయినను మెంఫిస్ పద్ధతికి కావలసినది ధనముకన్న ఓపిక. అది మన స్టేషనులలోను నేర్పదగినదే.

ఆసుపత్రిలో జరుగు పనినిగూర్చి కుటుంబములకు పెక్కు భయములు కలవు. “కరెంటు పెట్టుదురా?” అని మొదట అడుగుదురు. అత్యవసర చికిత్సగా విద్యుత్ చికిత్సను వాడరాదని చట్టమే చెప్పుచున్నది. సాధారణముగా ముందు జ్వరము, నాడి, రక్తపు పోటు, చక్కెర చూతురు. మాటలతో నెమ్మదింపజేయుటకు ప్రయత్నింతురు. కానిచో నిద్రనిచ్చు ఇంజక్షను ఇత్తురు. ఈ విషయమున వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు చేసిన పరిశోధన యొకటి 2004లో ప్రకటింపబడినది. ఉద్రేకముతో అత్యవసరముగా వచ్చిన 200 మంది రోగులలో సగము మందికి హాలోపెరిడాల్, ప్రోమెథజీన్ అను రెండు మందులను కలిపియు, తక్కినవారికి లోరజెపామ్ అను మందును ఇచ్చి పోల్చిచూచిరి. రెండును పనిచేసినవి, కలిపి యిచ్చినది త్వరగా నిద్రపుచ్చినది. మందులు రెండును ఖరీదైనవి గావు. చిన్న ఆసుపత్రిలోను వాడదగిన జ్ఞానము మన దక్షిణదేశపు మిషను ఆసుపత్రినుండియే లోకమునకు అందుట సంతోషింపదగిన సంగతి.

బండి వచ్చులోపల ఇంటివారు చేయవలసిన పని మిక్కిలి ముఖ్యము. మొట్టమొదట గుంపును పంపివేయవలెను. ఇది అన్నిటికన్న కష్టము. మన వీధులలో చూడవచ్చినవారే సగము ఉపద్రవము. రోగికి నమ్మకమున్న ఒక్కరు మాత్రమే మాటలాడవలెను. పదిమంది పది మాటలనిన భయము పెరుగును. కొడవళ్ళు, కత్తిపీటలు, పురుగుమందు డబ్బాలు నెమ్మదిగా తీసివేయవలెను. అతనికిని తలుపునకును నడుమ నిలువరాదు. అతనికి త్రోవ కనబడుచుండవలెను, మనకును త్రోవ యుండవలెను. “ఎవరును రాలేదు, నీకు భ్రాంతి” యని వాదింపరాదు. “అవును, వచ్చుచున్నారు” అని అబద్ధమును ఆడరాదు. “నీకు చాల భయముగా నున్నది గదా, నేనిచ్చటనే యుందును” అనవచ్చును, అది నిజము. మంచినీళ్ళిచ్చి, పాత మందుచీటీలు సంచిలో పెట్టుకొనవలెను. ఎవరినో చూడబోవుచున్నామని మోసపుచ్చి బండి యెక్కించుట సులభమనిపించును గాని, మరుసటిసారి అతడు ఎవ్వరిని నమ్మడు.

వ్యాధిలేనివారికిని ఇట్టి గడియ రావచ్చును. మన కొండలలో పుట్టిన బుడమేరు 2024 సెప్టెంబరు మొదటి దినములలో పొంగి విజయవాడను ముంచినప్పుడు, మేడలపై చిక్కుకొని పడవలకై ఎదురుచూచినవారు మన బంధువులలో నెందరో కలరు. అట్టివారికి మొదట కావలసినది ఉపన్యాసము గాదు. పొడిబట్ట, అన్నము, తనవారెచ్చట నున్నారను వార్త, చెప్పదలచినచో వినుటకొక మనిషి. బలవంతముగా జరిగినదంతయు చెప్పించుట మేలు చేయదని ఇప్పటి వైద్యుల మతము.

ఇక విద్యార్థులారా, మీకు ప్రత్యేకముగా ఒక సంగతి. చనిపోవలెనను తలంపు కలిగినట్లు మీ స్నేహితుడు చెప్పినచో, అది రహస్యముగా దాచవలసిన మాట గాదు. ఆ ప్రశ్నను సూటిగా అడుగుటవలన లేని తలంపు పుట్టదు. అడిగినచో బరువు తగ్గును. అతనిని ఒంటరిగా విడువక పెద్దవారికి చెప్పుడు, 14416కు పిలువుడు. పూర్వము ఆత్మహత్యా ప్రయత్నము నేరముగా నుండెను. ఏడాదివరకు శిక్షయు నుండెను. కేసగునను భయముచే కుటుంబములు ఆసుపత్రికి ఆలస్యముగా తెచ్చెడివి. 2017 చట్టపు 115వ సెక్షను, అట్టివాడు తీవ్రమైన మనోవ్యథలో నున్నట్లు భావించి, శిక్షింపక చికిత్స చేయవలెనని ఆదేశించినది. 2024 జూలై 1 నుండి వచ్చిన క్రొత్త శిక్షాస్మృతిలో ఆ పాత సెక్షనే లేదు. కావున తల్లిదండ్రులు నిమిషమైనను సందేహింపక ఆసుపత్రికి పోవలెను. పొలము గల ఇండ్లవారు పురుగుమందులను తాళము వేసిన పెట్టెలో నుంచుట చిన్న పనియైనను, ఆవేశపు గడియ దాటిపోవుటకు అదియే చాలును. ఆ గడియ దాటినవారిలో పెక్కుమంది మరల బ్రతుకువైపే తిరుగుదురు.

విశాఖపట్టణములో ప్రవేశపరీక్షకు చదువుచుండిన యొక విద్యార్థిని మరణమునకు సంబంధించిన కేసులో, సర్వోన్నత న్యాయస్థానమువారు 2025 జూలై 25వ తేదీన విద్యాసంస్థలకు కొన్ని ఆదేశము లిచ్చిరి. నూరుగురు లేక అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఒకరైన నుండవలెను. టెలి మానస్ మొదలగు సహాయ సంఖ్యలను తరగతులలోను హాస్టళ్ళలోను పెద్ద అక్షరములతో వ్రాసి పెట్టవలెను. గంట వ్రేలాడు చోట గోడ ఖాళీగా నున్నదని ఉపాధ్యాయుల సమావేశమున నేను చెప్పియున్నాను.

మొదట చెప్పిన యువకుని సంగతి ముగించెదను. అతడు చికిత్సతో కోలుకొని మామిడితోటల వ్యాపారమున నిలద్రొక్కుకొనెను. తండ్రి కాలము చేసెను. రెండేండ్ల క్రిందట, కాయలు కోతకు వచ్చిన రోజులలో, తీరికలేక మాత్రలు మాని, నాలుగు రాత్రులు నిద్రపోలేదు. మరల అవే అనుమానములు. అతని తల్లి మా ఇంటికి పరుగెత్తి వచ్చెను. ఈసారి నేను కొట్టములోనికి పోలేదు. 14416కు చెప్పితిని, వారు చెప్పినట్లు 108కిని చెప్పితిని. బండి వచ్చినది, అతడు ఎక్కనని గది తలుపు వేసికొనెను. 112కు పిలువగా ఇద్దరు పోలీసులు వచ్చిరి. వారిలో పెద్దవాడైన హెడ్డు కానిస్టేబులు లాఠీని జీపులోనే విడిచి, టోపీ తీసి ఒడిలో పెట్టుకొని అరుగుమీద కూర్చుండి, మంచినీళ్ళడిగి త్రాగి, కిటికీవైపు తిరిగి ఈ యేడు కాయ ఎట్లున్నదని అడిగెను. ముప్పావుగంట గడచినది. మాకందరకు విసుగు పుట్టినది గాని ఆయనకు పుట్టలేదు. తుదకు లోపలినుండి, “తాళ్ళు వెయ్యరుగా?” అని వినబడెను. “వెయ్యం బాబూ. మీ అమ్మగారు నీ పక్కనే కూర్చుంటారు, రా” అని ఆయన అనెను. గడియ తీసికొని అతడు బయటికి వచ్చెను.

పదునొకండు దినములు విజయవాడలో నుండి తిరిగి వచ్చి, మిగిలిన కాయ తానే కోయించెను. ఇప్పుడు నెలకొకసారి పోయి మందులు తెచ్చుకొనుచున్నాడు. ఆ రాత్రి బండిలో నేనును వెంట పోయితిని. వైద్య సహాయకుడు రక్తపు పోటు చూచుటకై చొక్కాచేయి పైకి మడచి, మణికట్టుపై నల్లని చారలను చూచి, ఈ మచ్చలెట్లు వచ్చినవని అడిగెను. తల్లి నా వైపు చూచి ఊరకుండెను. త్రాడు ఎవరిదో నేనే చెప్పితిని.